లిథువేనియా ‘పతి’, మా అమ్మ మగ్గం

ఆ మాట మొదట పడింది మా అమ్మ చెవిన. విన్న వెంటనే ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం వల్లే నాకు దాని అర్థం తెలిసింది.

ధర్మవరంలో మా ఇల్లు రెండు గదులు. ముందు గదిలో గుంత మగ్గం. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని పట్టుచీరలు నేయబట్టి మా అమ్మకు నలభై ఏళ్లు దాటింది. నేను పెనుకొండలో జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. అక్కడే ఒక గది అద్దెకు తీసుకుని ఉంటాను. శనివారం సాయంత్రం రైలెక్కి అమ్మ దగ్గరికి వస్తాను, సోమవారం పొద్దున్నే తిరిగి పోతాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

మా నాయన హిందూపురంలో ఉంటాడు. నాకు పదకొండేళ్లప్పుడు అక్కడ మిల్లులో పని దొరికిందని పోయాడు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు. తర్వాత ఏ పెళ్లికో చావుకో వచ్చేవాడు. కొన్నాళ్లకు అక్కడ ఇంకో సంసారం ఉందని తెలిసింది. తెలిసిన రోజు మా అమ్మకు ఏడవడానికి కూడా తీరలేదు. మగ్గం మీద ఎవరిదో ముహూర్తం చీర ఉంది. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు మా నాయన ఆ గుంతలో కాలు పెట్టింది లేదు. అయినా వీధిలో అది మా నాయన మగ్గమే. పట్టు ఇచ్చి చీరలు తీసుకుపోయే షావుకారు దగ్గర అది మా నాయన పేరు మీదే ఉండేది. చీర మడతకు కట్టే చిన్న చీటీలో ‘నేసినవారు’ అన్న చోట ఆయన పేరే ఉండేది. చేనేత గుర్తింపు కార్డులు ఇచ్చినప్పుడు ఫోటో దిగడానికని హిందూపురం నుంచి పనిగట్టుకుని వచ్చాడు. తల దువ్వుకుని, మా అద్దంలో చూసుకుని, ఫోటో దిగి, అన్నం తిని పోయాడు. మా అమ్మే వడ్డించింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నీళ్ల గ్లాసు నేనే పెట్టాను. ఆ అన్నం మీద కోపం నాకు ఇప్పటికీ తీరలేదు.

మొన్నటి ఎండాకాలానికి ముందు, ఒక ఆదివారం పొద్దున షావుకారు ఫోన్ చేశాడు.

“ఏమ్మా, పుట్టపర్తి నుంచి ఒక తెల్లామె వస్తాండాది. మగ్గం చూడల్లంట. మంచి మగ్గమంటే మీదే గదా, ఈడికే పిల్చుకొస్తాండా. నువ్వు రొంత ఇంగ్లీషులో చెప్పల్ల.”

ఆమెకు అరవై ఉండొచ్చు. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, మోకాళ్ల కింది దాకా నూలు గౌను. లిథువేనియా నుంచి వచ్చానని చెప్పింది. ఆ దేశం ఎక్కడుందో నాకు అప్పటికి తెలియదు. వాళ్ల ఊరి బడిలో పిల్లలకు నేత నేర్పుతుందట. వాళ్లది నార గుడ్డ. పట్టు మగ్గం ఎప్పుడూ చూడలేదంది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచి, గుంత పక్కన నేల మీద కూర్చుంది. మా అమ్మ చేతుల వైపే చూస్తోంది.

షావుకారు నిలబడే చెప్పసాగాడు. “ఇది ఫలానా ఆయప్ప మగ్గం. మా దాంట్లో ఆయప్పంత పనోడు ల్యాడు. ఈమె ఆయప్ప పెండ్లాం. పక్కన కూచ్చోని సాయం జేస్తాది. చెప్పమ్మా, ఇంగ్లీషులో చెప్పు.”

నేను చెప్పాను. అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో పెట్టాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అందరికన్నా ఎక్కువ కోపం నా మీదే వచ్చింది, ఆ నిమిషానికి.

ఆ రోజు మగ్గం మీద ఉన్నది రెండు వైపులా వేరే రంగు అంచు ఉన్న చీర. మామూలుగా దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కూర్చుని నేస్తుంటే ఇంకొకరు అవతలి అంచుకు దారం తిప్పే నాడె అందించాలి. మా అమ్మ మూడు నాడెలూ ఒక్కతే తిప్పుతోంది. వచ్చినామె గదంతా ఒకసారి చూసింది. షావుకారు చెప్పిన ‘ఆయప్ప’, అంటే మా నాయన కోసం వెతుకుతోందని నాకు అర్థమైంది. గుంతలో ఒక్క మనిషి కూర్చునే చోటే ఉంది. ఆమె మా అమ్మ వైపు వేలు చూపి, ఇంగ్లీషు మర్చిపోయి, తన భాషలోనే అడిగింది.

“పతి?”

మగ్గం ఆగిపోయింది. మా అమ్మ నాడె చేతిలో పట్టుకునే నా వైపు తిరిగింది.

“పతి యాడుండాడని అడుగుతాండాదా? హిందూపురంలో ఉండాడని చెప్పు. ఇంగో ఆమెతో ఉండాడని చెప్పు. ఈ చీర మొదట్నుంచి కొస దాకా నేనే నేసినా. దీనికి ముందుదీ నేనే నేసినా. నా పక్కన కూచ్చున్నోళ్లు ఎవురూ ల్యారని చెప్పు.”

షావుకారు దగ్గాడు. మా అమ్మ ఆ సంగతి పరాయి మనిషి ముందు అనగా నేను ఎప్పుడూ వినలేదు. నా ముందే ఎప్పుడూ అనలేదు.  ఆ మాటల్లోంచి ఒక్క ముక్క మాత్రం తీసి ఇంగ్లీషులో చెప్పాను: ఈ చీర ఆమే స్వయంగా నేసింది.

తెల్లామె తొడ మీద చేత్తో కొట్టుకుని నవ్వింది. “నేను అడిగింది అదే! పతి అంటే మా భాషలో అదే. ఆమే, స్వయంగా ఆమే. నేను అడగకముందే జవాబు చెప్పిందా?”

కాదు, పతి అంటే మా దగ్గర మొగుడు అని చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. “మొగుడా? మీకు మగవాడా?” అని రెండుసార్లు అడిగింది. తర్వాత నా హాజరు డైరీ వెనక పేజీలో తన అక్షరాలతో రాసి చూపించింది.

ఆమె ఆ రోజు చెప్పిందీ, తర్వాత నెలల తరబడి ఫోనులో నేను అడిగితే రాసి పంపిందీ కలిపి చెబుతాను. ఆ భాషలో మగవాణ్ణి గురించి ‘తనే’ అనాలంటే ‘పత్స్’ అంటారు. ఆడమనిషిని గురించి అయితే ‘పతి’. ‘అష్ పతి’ అంటే ‘నేనే, స్వయంగా నేనే’ అని ఒక ఆడది చెప్పుకోవడం. వెనకటి కాలంలో పత్స్ అంటే ఇంటాయన, పతి అంటే ఇంటామె అనే అర్థాలు కూడా ఉండేవి. పల్లెల్లో ముసలివాళ్లు ఇంకా అంటారట. ఇప్పుడు మొగుడికీ పెళ్లానికీ వేరే మాటలు వచ్చేశాయి, దీనికి ‘తానే’ అన్న అర్థమే నిలబడింది. ఈ మాటకు విభక్తులు కూడా ఉన్నాయి. ‘ఆమెదే’ అనాల్సి వస్తే పతి కాస్తా ‘పచోస్’ అవుతుంది. త పోయి చ వస్తుంది. మన దగ్గర నిత్యంలోంచి ‘నిచ్చలు’ వచ్చినప్పుడు కూడా త ఇట్లాగే చ అయింది. ఇరవై ఏళ్లుగా క్లాసులో ఆ సూత్రం చెబుతున్నదాన్ని, దాన్ని ఇంకో దేశపు మాటలో చూసి కాసేపు కోపం కూడా మరిచిపోయాను.

కాసేపే. ఇకారంతో ముగిసే ఆడ నామవాచకాలు ఆ భాషలో మొత్తం రెండే మిగిలాయని ఆమె రాసింది. ఒకటి పతి, ఇంటామె అన్న పాత అర్థంలో. రెండోది ‘మార్తి’. మార్తి అంటే కోడలు. ఇన్ని వేల మాటల్లో ఆ పాత తోక పట్టుకుని వేలాడడానికి పెళ్లామూ కోడలే దొరికారా అనిపించింది. ఆ మాటే ఆమెకు రాశాను. నవ్వుతున్న బొమ్మ పంపింది. నేను నవ్వుతూ రాయలేదు.

పుట్టుక సంగతి నేనే వెతుక్కున్నాను. ఫోనులో దొరికిన పాత వ్యాకరణ పుస్తకాలు రైల్లో కూర్చుని చదివాను. సంస్కృతంలో పతి, లిథువేనియాలో పత్స్, పతి, ఇవన్నీ ఒకే వేరువి. సంస్కృతంలో ‘విశ్పతి’ అంటే జనానికి పెద్ద. వాళ్ల భాషలో దేవుణ్ణి ‘వియెష్పత్స్’ అంటారు. రెండూ అచ్చంగా ఒకే మాట. అయితే ఆ వేరుకు మొదటి అర్థం ఏమిటన్న దగ్గర పండితులు రెండుగా చీలిపోయారు. యజమాని అన్నదే మొదటిదనీ, పనివాళ్లు యజమానిని ‘ఆయనే’ అని చెప్పుకోవడంలోంచి ‘తానే’ అన్న అర్థం వచ్చిందనీ కొందరు అంటారు. కాదు, ‘తాను’ అన్నదే మొదటిదనీ, తన ఇంటికి తాను అయిన మనిషి యజమాని అయ్యాడనీ కొందరు అంటారు. ఏది నిజమో తేల్చేంత చదువు నాకు లేదు. రెండోదే నిజం కావాలని నా కోరిక. కోరిక రుజువు కాదని పిల్లలకు చెప్పేదాన్ని నేనే.

మన తెలుగులో ‘తాను’ ఉంది. దానికి ఆడా మగా లేదు. కానీ మా స్టాఫ్ రూంలో పెళ్లయిన ఆడవాళ్లు భర్తను ‘తను’ అంటారు. ‘తను ఇంకా ఇంటికి రాలేదు’ అంటే మొగుడు రాలేదని. సంస్కృతంలో మొగుడైన మాటే ఆ భాషలో ఆడదానికి ‘నేనే’ అయింది. మన దగ్గర ఎవరికైనా చెల్లే ‘తాను’ను తీసుకుపోయి మొగుడికి ఇచ్చుకున్నాం. ఇది తోచినప్పుడు రైలు పెనుకొండ స్టేషన్లో ఆగింది. నేను దిగడం మరిచిపోయి తర్వాతి స్టేషన్ దాకా పోయాను. ఆ రోజు మొదటి పీరియడ్ పోయింది.

కాలేజీలో సంస్కృతం చెప్పే సారు ఉన్నారు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆయనకు చెప్పడం నా పొరపాటు. స్టాఫ్ రూంలో అందరూ టీ తాగుతున్న వేళ ఆయన గొంతు పెంచారు.

“చూసినారా మేడమ్, మన పతి యాడిదాకా పోయినాడో! ఆ మంచు దేశాలకు గూడా సంస్కృతమే మాటలిచ్చిండేది.”

“ఇయ్యలేదు సార్. సంస్కృతమూ ఆ భాషా అక్కాచెల్లెళ్లు. ఒకరు ఇంకొకరికి తల్లి కాదు. ఆ తల్లి ఇద్దరికన్నా ముందుది, రాతలో ల్యా.”

“తల్లి ఎవరైతే ఏముంది గానీ, పతి అంటే మొగుడే. యాడికి పోయినా మొగుడే. మొగుడు ల్యాకుండా ఒక్కతే ఉండే పతి ఉంటాదా యాడన్నా? మీకే దొరుకుతాయి మేడమ్ ఇట్లాంటివి!”

ఇద్దరు నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. నేను టేబుల్ మీద చెయ్యి గట్టిగా వేశాను. గ్లాసులో టీ ఒలికి ఎవరివో జవాబు పత్రాలు తడిసాయి. “ఉంటాది సార్. మా ఇంట్లో ఉండాది” అని బయటికి వచ్చేశాను. ఆ రోజు క్లాసులో సమాసాలు. గృహపతి, సేనాపతి, పతివ్రత అని బోర్డు మీద రాశాను. పతివ్రత అన్న మాటను లిథువేనియా అర్థం పెట్టి చదివితే తన వ్రతం తనదే అయిన ఆడది అవుతుందని పిల్లలకు చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఉద్యోగం చేసుకు బతికేదాన్ని.

ఇదంతా మాటల మీది కోపం. అసలు కోపం వానాకాలంలో వచ్చింది.

ధర్మవరంలో ఒక సంఘం వాళ్లు కల్యాణమండపంలో చేనేత ప్రదర్శన పెట్టారు. తెల్లామె వచ్చిన రోజు మగ్గం మీద ఉన్న ఆ రెండంచుల చీరను షావుకారు అక్కడ పెట్టాడు. దానికే మొదటి బహుమతి అన్నారు. నేసిన మనిషిని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ప్రశంసాపత్రం ఇస్తారట. షావుకారు సంతోషంగా ఫోన్ చేశాడు.

“మీ నాయనకు చెప్పినాలే. వస్తానన్యాడు.”

“నాయనకు ఏంటికి?”

“కార్డు ఆయప్పదే గదమ్మా. కార్డు ఎవురిదో వాండ్లకే ఇస్తారంట. నేనేం జేసేది?”

నేను ఆ రోజు సెలవు పెట్టి హిందూపురం రైలెక్కాను. మా నాయన ఉండే ఇంటికి నేను పోవడం అది రెండోసారి. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయనతో ఉండే ఆమె లోపల వంట చేస్తోంది. నేను కూర్చోలేదు.

“నాయనా, నువ్వు ఆడికి రావద్దు. ఆ కార్డు అమ్మ పేరుకు మార్చడానికి సంతకం పెట్టు. కాగితం తెచ్చినా.”

“ఏమిప్పుడు వచ్చిన నష్టం? నా పేరుంటే మీయమ్మకు తక్కువా?”

“నువ్వు నేసినావా ఆ చీర?”

“మగ్గం ఎవురిది? మా నాయన నాకు ఇచ్చిండే మగ్గం అది. ఆ పని మీయమ్మకు నేర్పిందెవురు? నేనే గదా?”

“నేర్పితే? మా కాలేజీలో పాసైన పిల్లోల్ల మార్కులన్నీ నాకే వేస్తారా?”

“సుమ్నె ఉండు పాపా. వీధిలో వింటాండారు. నేను మీయమ్మకు మొగుణ్ణి గాదా? నాకిచ్చేది ఆమెకిచ్చినట్టు గాదా?”

నాకు నోరు ఆగలేదు. ముప్పై ఏళ్లలో అనాల్సినవన్నీ అక్కడే అన్నాను. కొన్ని అనకూడనివి కూడా అన్నాను. లోపలున్న ఆమె గడప దాకా వచ్చి, చేతిలో గరిటె పట్టుకుని, నన్ను కాదు, ఆయన్ని చూస్తూ అంది: “నా రేషన్ కార్డు గూడా ఆయప్ప పేరు మీదే ఉండాది. నన్ను చూసి ఏమీ అనుకోవద్దు తల్లీ.” ఆమె మీద అన్నేళ్లూ పెట్టుకున్న కోపాన్ని అక్కడే సగం దించుకున్నాను. ఆ సగం కూడా మా నాయన లెక్కలోకే పోయింది. ఆయన సంతకం పెట్టలేదు.

ప్రదర్శన రోజు వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. మా అమ్మ మూడో వరసలో నా పక్కన కూర్చుంది. వేదిక మీద మైకు పట్టుకున్నతను, ఈ చీర ఎట్లా నేశారో చెప్పండి పెద్దాయనా అని అడిగాడు. మా నాయన ఏమీ తెలియక తడబడతాడనీ, అందరి ముందూ పరువు పోతుందనీ లోపల కాచుకుని ఉన్నాను. ఆయన తడబడలేదు. పడుగు ఎట్లా అతకాలో, రెండు అంచుల దగ్గర నాడె ఎట్లా మళ్లించాలో, దారం ఎక్కడ బిగిసిపోతుందో, ఎక్కడ వదులు ఇవ్వాలో ఎంత బాగా చెప్పాడంటే, వెనక నిలబడ్డ నేతగాళ్లు కూడా తలలు ఊపారు. చప్పట్లు కొట్టారు. చెప్పిన ప్రతి ముక్కా నిజమే. చేసింది మాత్రం ఆయన కాదు. 

కిందికి దిగి నేరుగా మా దగ్గరికి వచ్చాడు. శాలువా తీసి మా అమ్మ ఒళ్లో పెట్టాడు. “తీసుకో” అన్నాడు, ఏదో దానం ఇచ్చినట్టు. మా అమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టింది. లేచి, తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీలో పెట్టింది. ఇంటికి నడిచింది. నేను వెంట పోయాను. 

మర్నాడు మా అమ్మ మగ్గంలో దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. నేను పెనుకొండ నుంచి ఫోన్ చేస్తే, గోంగూర ఒలుస్తున్నానంది. వెనక మగ్గం చప్పుడు లేదు. నా ఎరుకలో జ్వరం వస్తే తప్ప ఆ చప్పుడు ఆగింది లేదు. శనివారం నేను వచ్చేసరికి షావుకారు మా గుమ్మంలోనే ఉన్నాడు. మగ్గం మీద పెళ్లివాళ్ల చీర సగంలో ఆగి ఉంది. ఆయనకు వాళ్లు ఫోను మీద ఫోను చేస్తున్నారు.

“ఒళ్లు బాగల్యాదా తల్లీ?”

“బాగుండాది.”

“మల్ల మగ్గం ఏంటికి నిలబెట్టినావు?”

“అన్నా, ఆ మగ్గం ఎవురిది?”

“మీదే గదా.”

“మాదంటే ఎవురిది? నీ దగ్గర రాసుకున్న పేరు ఎవురిది? చీటీలో ఎవురిది? శాలువా ఎవురికి కప్పినారు?” మా అమ్మ గొంతు పెంచలేదు. అప్పుడూ గోంగూరే ఒలుస్తోంది, అది కూడా ఆపలేదు. “ఎవురి మగ్గమో వాన్నే పిల్చుకొచ్చి నేయించుకోపో. నేను పక్కన కూచ్చోని సాయం జేసేదాన్ని గదా. నాకేం తెలుసు?”

షావుకారు నా వైపు చూశాడు, ఇంగ్లీషులో ఏమైనా చెప్పమంటాడేమో అన్నట్టు. నేను తలుపుకు ఆనుకుని నిలబడ్డాను.

ఆయన నిజంగానే పిలుచుకొచ్చాడు. ఆదివారం పొద్దున కారులో మా నాయనను తీసుకొచ్చి దించాడు. బతిమాలాడో, బెదిరించాడో నాకు తెలియదు. మా నాయన లుంగీ ఎగగట్టి, గుంత అంచు పట్టుకుని లోపలికి దిగాడు. దిగడానికే చాలాసేపు పట్టింది. పడుగును అరచేత్తో నిమిరాడు. మొదటి నాడె బాగానే పోయింది, అచ్చుతో దారాన్ని దగ్గరికి కొట్టాడు. పదో దానికి అంచు దారం తెగింది. అతికాడు. మళ్లీ తెగింది. కాళ్లు తొక్కేది ఒకటైతే చేతులు వేసేది ఇంకొకటి. మా అమ్మ గోడకు ఆనుకుని చూస్తూ ఉంది. నవ్వలేదు, వెక్కిరించలేదు. “అచ్చు అంత గట్టిగా కొట్టొద్దు, పట్టు కోసుకుంటాది” అని ఒక్కసారి అంది. గంటసేపటికి నాలుగు వేళ్ల వెడల్పు నేశాడు. అంచు పాములాగా వంకర తిరిగింది. పొమ్మని ఎవరూ అనకముందే చేతులు మగ్గం మీద ఆనించి పైకి లేచాడు. మోకాలు పట్టేసి రెండుసార్లు కూలబడ్డాడు. షావుకారే చెయ్యి ఇచ్చాడు.

“కండ్లు కనపల్యా” అన్నాడు నాతో.

ఆ క్షణం కోసమే ముప్పై ఏళ్లుగా కాచుకున్నాననుకున్నాను. సంతోషం రాలేదు. ఆ పడుగును ఆయన నిమిరిన తీరు చూశాను. ఆ చేతులకు ఒకప్పుడు పని వచ్చు, మంచి పని వచ్చు. అంత పనిని కూడా మాతోపాటు విసిరేసి పోయాడని, అది చూసి ఇంకా మండింది.

సంతకం ఆ రోజే పెట్టాడు. మా అమ్మ ఆ నాలుగు వేళ్ల గుడ్డ విప్పి, దారాలు సవరించి, మళ్లీ నేయడానికి రెండు రోజులు తీసుకుంది. కార్డు మారడానికి ఆర్నెల్లు పట్టింది. ఆఫీసులో గుమాస్తా దరఖాస్తు తిప్పి చూసి, భర్త పేరు రాయలేదేమని అడిగాడు. నేతపని ఆమెది, ఆయన పేరు ఎందుకని అడిగాను. “గడి ఉండాది మేడమ్, గడి ఖాళీ పెట్టేకి ల్యా” అన్నాడు. మూడుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి మా అమ్మే పెన్ను నా చేతిలో పెట్టి ఆయన పేరు రాయించింది. ఆ గుమాస్తా మీద అరిచాను. అరిచినందుకు ఆఫీసు బయట మా అమ్మ నా మీద అరిచింది. కార్డు వచ్చింది. అందులో ఫోటో, పేరు మా అమ్మవి. షావుకారు చీటీలు కూడా కొత్తవి వేయించాడు. మొదటిసారి పేరులో ఒక అక్షరం తప్పు పడితే, మళ్లీ వేయించేదాకా నేను ఆయన అంగట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కార్డు వచ్చిన శనివారం అన్నం తింటూ అమ్మను అడిగాను. “ఇంత చేతనైనదానివి, ఇన్నేండ్లు ఏంటికి ఊరికే ఉన్న్యావు? అప్పుడే మగ్గం నిలబెట్టింటే అప్పుడే మార్చిండేవాళ్లు గదా?”

మా అమ్మ నా వైపు తెల్లబోయి చూసింది.

“అప్పుడా? మొగుడు వదిలేసిండే ఆడదానికి పట్టు ఎవురిస్తారు పాపా? రేపు ఇల్లిడిసి పోతే యాడ వెతికేదంటారు. వాని పేరుంటేనే పట్టు వస్తాండె. పట్టు వస్తేనే నీ బడి. నువ్వు పదో తరగతి రాసేటప్పుడు ఫారంలో నాయన పేరు పెట్టల్ల అని ఏడిస్తివే, తెల్దా? నాయన ఉండాడు అనిపించుకోవల్లని ఎవురికి ఆశ ఉండె, నాకా?”

నాకు గుర్తుంది. ఏడ్చాను. క్లాసులో అందరూ రాశారని, నేనూ రాయాలని ఏడ్చాను. మా నాయన మంచివాడని, మిల్లులో పెద్ద ఉద్యోగమని స్నేహితురాళ్లకు చెప్పుకున్నాను కూడా.

కంచం పక్కకు జరిపాను. ఆ సంగతి అన్నేళ్లు నాకు చెప్పకుండా దాచినందుకు మా అమ్మ మీద విరుచుకుపడ్డాను. చెప్తే చదువుతాంటివా అని ఆమె తిరగబడింది. పక్కింటివాళ్లు తొంగి చూశారు. ఆ వారం నేను ఫోన్ చేయలేదు, ఆమె కూడా చేయలేదు. తర్వాతి శనివారం మామూలుగానే రైలెక్కి పోయాను.

ఇప్పుడు మా అమ్మ పొద్దున పూట మాత్రమే నేస్తుంది. మా నాయన అప్పుడప్పుడు హిందూపురం నుంచి ఫోన్ చేస్తాడు. నేను ఎత్తను. మా అమ్మ ఎత్తుతుంది. ఆయన మోకాళ్ల నొప్పికి ఏ నూనె రాసుకోవాలో, ఎంతసేపు వేడినీళ్లు పోసుకోవాలో ఓపికగా చెబుతుంది. అది వినపడిన ప్రతిసారీ నేను లేచి వీధిలోకి పోతాను.